గిన్నె నిండా గింజలు, చేతినిండా పని

ఇంట్లో పెంపుడు పిట్టలున్నాయని చెప్పగానే ఎవరైనా ముందు అడిగేది "ఏం తింటాయి?" అని. రెండో ప్రశ్న "జత ఎంతకొచ్చింది?" అని. "పొద్దుణ్ణుంచి సాయంత్రం దాకా ఏం చేస్తాయి?" అని అడిగిన మనిషి ఇంతవరకూ నాకు తగల్లేదు. నేను చెప్పదలుచుకున్నదంతా ఆ మూడో ప్రశ్న గురించే.

ముందే చెప్పేస్తున్నా, నేను పక్షి శాస్త్రవేత్తని కాదు. రోజూ జావా కోడుతో కుస్తీ పట్టే మామూలు సాఫ్ట్‌వేర్ జీవిని. మా ఇంట్లో రెండు జీబ్రా ఫించ్‌లున్నాయి. కొన్నవి కావు. మా టీమ్‌లో ఒకతను ఆన్‌సైట్‌కి వెళ్తూ "ఆర్నెల్లే బాసూ, రాగానే తీసుకుపోతా" అని పంజరంతో సహా అప్పజెప్పి వెళ్ళాడు. ఆన్‌సైట్ ఆర్నెల్లంటే ఎంతో మీకు నేను వేరే చెప్పక్కర్లేదు. అతను అక్కడ ఇల్లు కూడా కొనేసుకున్నాడు. పిట్టలు మాకే ఉండిపోయాయి.

చూడనివాళ్ళ కోసం కాస్త వర్ణన. పిచ్చుక కన్నా చిన్నది. పన్నెండు గ్రాములు తూగితే గొప్ప. ఎర్ర ముక్కు. మగదానికి బుగ్గల మీద నారింజ రంగు మచ్చలు, మెడ కింద సన్నటి నల్ల చారలు. పాడేది మగదే. అది కూడా పుట్టిన మూడు నెలల్లోపు తండ్రి దగ్గరో, ఇంకో మగదాని దగ్గరో ఒక్క పాట నేర్చుకుని జీవితాంతం దాన్నే పాడుతుంది. పిల్లలు మాట నేర్చుకోవడం ఎలాగో తెలుసుకోవాలనుకునే శాస్త్రవేత్తలకి అందుకే ఈ పిట్టంటే అంత మోజు. కోడి తర్వాత జీనోమ్ మొత్తం చదివిన రెండో పక్షి ఇదే, 2010లో.

ఇంత ఘనత ఉన్న పిట్ట మా ఇంటికి వచ్చేనాటికి ఎలా ఉందంటే, ఆడదాని వీపు మీద ఈకల్లేవు. మగది పీకేస్తోంది. పక్షుల్ని చూసే డాక్టరుకి చూపిస్తే, పురుగుల్లేవు, జబ్బు లేదు, తిండి బానే ఉందన్నారు. "మరేంటండీ?" అంటే "బోరు" అని ఒక్క మాటలో తేల్చేశారు. పంజరం పెద్దది తీసుకోమని, అందులో ఏదైనా వ్యాపకం పెట్టమని చెప్పారు.

వ్యాపకమా? పంజరంలో అప్పటికే ఒక గంట, ఒక ప్లాస్టిక్ అద్దం, ఒక చిన్న నిచ్చెన ఉన్నాయి. వాటి వంక ఆ పిట్టలు చూసిన పాపాన పోలేదు. తర్వాత తెలిసిందేంటంటే అవన్నీ చిలకజాతి పక్షుల ఆటవస్తువులు. చిలక కొరుకుతుంది, కాలితో పట్టుకుంటుంది, పాకుతుంది. ఫించ్ అవేవీ చెయ్యదు. దానికి తెలిసిన పని ఒక్కటే, గడ్డిగింజ వెతుక్కోవడం.

ఈ పిట్టల సొంతూరు ఆస్ట్రేలియా. ముఖ్యంగా లోపలి ఎండు ప్రాంతాలు. రిచర్డ్ జాన్ అనే ఆయన ఏళ్ళ తరబడి వీటి వెంట తిరిగి 1996లో ఒక పెద్ద పుస్తకం రాశారు. దాని సారం నాకర్థమైనంతలో ఇదీ: ఆ పిట్ట బతుకంతా గడ్డి చుట్టూనే తిరుగుతుంది. తినేది దాదాపుగా గడ్డిగింజలే. గుంపులుగా నేల మీద గెంతుతూ ఒక్కో గింజా ఏరుకుంటుంది. కంకి అందితే లాగుతుంది. ప్రతి గింజకీ పొట్టు ఒలిచి తింటుంది. గూడు కట్టేది కూడా ఎక్కువగా గడ్డితోనే. వాన పడి గడ్డి గింజ పట్టిందంటే అప్పుడు సంసారం మొదలుపెడుతుంది.

అలాంటి పిట్టని తెచ్చి గిన్నె నిండా గింజలు పోసి ముందు పెడితే ఏమవుతుంది? రోజంతా చేసే పని కాసేపట్లో అయిపోతుంది. ఇక మిగతా రోజంతా బెంచే!

బెంచ్ సంగతి మనవాళ్ళకి బాగా తెలుసు కదా. జీతం ఒకటో తారీకున పడుతూనే ఉంటుంది. ఏసీలో కుర్చీ, కింద కాఫీ మెషీను. మొదటి వారం స్వర్గం. రెండో వారం సర్టిఫికేషన్ చదువుదామనుకుంటాం. మూడో వారానికి పక్కవాడి మీద విసుక్కోవడం మొదలవుతుంది. మనమైతే మేనేజరుకి మెయిల్ పెట్టగలం. పిట్ట పక్కదాని ఈకలు పీకుతుంది.

ఇది నా పైత్యం అనుకునేవాళ్ళకి ఒక సంగతి. 1963లో గ్లెన్ జెన్‌సన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఎలుకల ముందు ఒక పక్క ఊరికే తినడానికి గిన్నెలో తిండి పెట్టాడు, ఇంకో పక్క మీట నొక్కితే అదే తిండి పడే ఏర్పాటు చేశాడు. ఎలుకలు బుద్ధిగా గిన్నె దగ్గరే కూర్చోవాలి కదా? చాలా ఎలుకలు మీట నొక్కుకుని మరీ తిన్నాయి! తర్వాత పావురాలు, గోరువంకల బంధువులైన స్టార్లింగ్‌లు, ఇంకా చాలా జంతువుల్లో ఇదే కనిపించింది. పక్కన ఉచితంగా ఉన్నా కష్టపడి సంపాదించుకోవడానికే మొగ్గు చూపాయి. పిల్లులు మాత్రం 2021లో చేసిన ప్రయోగంలో ఊరికే పెట్టిన పళ్ళెం వైపే మొగ్గాయి. పిల్లులున్నవాళ్ళెవరూ దీనికి ఆశ్చర్యపోరనుకోండి.

ఇదంతా నేను తీరిగ్గా చదువుకున్నది. అంతకు ముందే విషయం కనిపెట్టింది మా నాన్నగారు.

అమ్మ పోయిన ఏడాదికి ఆయన పొలం కౌలుకిచ్చి మా దగ్గరికి వచ్చేశారు. తెనాలి వైపు డెల్టా రైతు. మూడో అంతస్తు ఫ్లాటు. వేళకి కాఫీ, వేళకి భోజనం, పేపరు, టీవీ, విడిగా ఒక గది. "పెద్దాయనకి ఏ లోటూ లేదు" అని వచ్చిన చుట్టాలందరూ అనేవాళ్ళు. ఆయన బాల్కనీలో పంజరం పక్కన కుర్చీ వేసుకుని కూర్చునేవారు. ఒకరోజు ఉన్నట్టుండి,

"ఒరేయ్, వీటికి రోజంతా ఇదేనా పని?" అన్నారు.

"పిట్టలకి పనేంటి నాన్నగారూ?"

"అదేంట్రా? చేలో వాలిన పిట్టని ఎప్పుడన్నా చూశావా? ఒక్క క్షణం ఊరికే కూచుంటుందా అది?"

మర్నాడు పొద్దున వాకింగ్‌కి వెళ్ళి గుప్పెడు గడ్డి కంకులతో వచ్చారు. మా అపార్ట్‌మెంటు వెనక ఒక ఖాళీ ప్లాటుండేది. వానాకాలం కదా, ఏపుగా పెరిగింది. "ఊద గడ్డిరా. వరిచేలో వరిలాగే ఉండి, కంకి తీసేదాకా దొరకదు దొంగముండ. దీన్ని పీకి గట్టు మీద పారెయ్యడంతోనే నా బతుకంతా అయిపోయింది" అంటూ ఆ కంకుల్ని దారంతో కట్టబోతే, దారం పిట్ట కాలికి చుట్టుకుంటుందని నేను బట్టల క్లిప్పు ఇచ్చాను.

పిట్టలు మొదట హడలిపోయాయి. కొత్త వస్తువంటే వాటికి భయం. ఆ రోజంతా అవతలి మూలకి నక్కి కూర్చున్నాయి. రెండో రోజు మగది వచ్చి ఒక కాడ మీద వాలింది. కాడ వంగింది, పిట్ట కింద పడబోయి రెక్కలు కొట్టుకుని నిలదొక్కుకుంది. మళ్ళీ వాలింది. కంకిని ముక్కుతో లాగి, కాలికింద తొక్కిపట్టి, ఒక్కో గింజా ఒలవడం మొదలుపెట్టింది. కాసేపటికి ఆడది కూడా వచ్చి చేరింది. పక్కనే గిన్నెలో అంతకంటే లావు గింజలు నిండుగా ఉన్నాయి, అటు చూడనే లేదు.

రెండు మూడు నెలల్లో ఆడదాని వీపు మీద ఈకలొచ్చాయి. ఇదంతా గడ్డి మహిమే అని ప్రమాణం చెయ్యలేను. మధ్యలో పంజరం కూడా పెద్దది మార్చాం. రెండు మార్పులు ఒకే రిలీజులో పెడితే బగ్ దేనివల్ల పోయిందో ఎవడు చెప్పగలడు? కానీ పొద్దున్నే కంకులు పెట్టగానే వాటి హడావిడి చూసినవాళ్ళకి ఎవరూ ఏమీ చెప్పక్కర్లేదు.

ఇక మీ ఇంట్లోనూ ఫించ్‌లుంటే, మా అనుభవంలోంచీ చదివినదాంట్లోంచీ కొన్ని పనికొచ్చే సంగతులు:

1. కంకి పాలుపోసుకునే దశలో ఉంటే శ్రేష్ఠం. గోటితో నొక్కితే తెల్లటి పాలు రావాలి. ఎండు గింజ కన్నా ఈ పచ్చి గింజంటే వాటికి ప్రాణం. ఊద, గరిక, రోడ్ల పక్కన ఆరడుగులు పెరిగే గినీ గడ్డి, పెరట్లో వేసుకున్న కొర్ర, సామ, వరి ఏదైనా పర్వాలేదు.

2. ఎక్కడ కోస్తున్నామన్నదే అన్నిటికన్నా ముఖ్యం. మందు కొట్టిన చోట, కుక్కలు తిరిగే చోట, మురుగు పారే చోట, బళ్ళ పొగ తగిలే రోడ్డు వారన కొయ్యొద్దు. పురుగుమందు ముందు పక్షి బతుకు ఎంతో చెప్పాలంటే, అర్జెంటీనాలో 1995-96లో మోనోక్రోటోఫాస్ కొట్టిన పొలాల్లో మిడతల్ని తిని స్వైన్‌సన్ డేగలు వేల సంఖ్యలో చచ్చిపోయాయి. అవి డేగలు. మనది పన్నెండు గ్రాముల పిట్ట.

3. పేరులో గడ్డి ఉన్నదల్లా గడ్డి కాదు. కాంగ్రెస్ గడ్డి అనే వయ్యారిభామ అసలు గడ్డిజాతే కాదు, దాన్ని ముట్టుకుంటే మనకే దద్దుర్లొస్తాయి. లేత జొన్న మొక్కలో సైనైడ్‌గా మారే పదార్థం ఉంటుంది, పశువులున్న ఏ రైతునడిగినా చెప్తాడు. సజ్జ కంకి జిగురు కారుతున్నా, గింజల మధ్య నల్లటి కొమ్ముల్లాంటివి కనిపించినా అది తేనెబంక తెగులు. అవతల పారెయ్యండి.

4. కోసినదాన్ని నీళ్ళలో జాడించి, బాగా దులిపి, తడి ఆరాక పెట్టండి. సాయంత్రానికి తీసెయ్యండి. రాత్రంతా ఉంచితే బూజు పడుతుంది.

5. కంకుల్ని నిలువుగా, రెండు మూడు ఎత్తుల్లో, పంజరం ఒక పక్కకే పెట్టండి. రెండో పక్క ఎగరడానికి ఖాళీగా ఉండాలి. ఫించ్ అడ్డంగా ఎగురుతుంది కాబట్టి పంజరానికి ఎత్తు కన్నా పొడవు ముఖ్యం. పంజరంతో వచ్చే నున్నటి కర్రలన్నీ ఒకే లావుంటాయి, వాటి మీదే కూర్చుంటే పాదాలు పుండ్లు పడతాయి. ఊగే గడ్డికాడలు, లావూ సన్నం వేపకొమ్మలు, జామకొమ్మలు కాళ్ళకి వ్యాయామం.

6. పని కల్పించాలని తిండిగిన్నె మాత్రం తీసెయ్యకండి. ఇంత చిన్న ప్రాణి ఒక్కరోజు పస్తు కూడా తట్టుకోలేదు. ఇంకో మోసం ఉంది ఇక్కడ. పిట్ట ఒలిచిన పొట్టు మళ్ళీ గిన్నెలోనే పడుతుంది. పైనుంచి చూస్తే గిన్నె నిండుగానే కనిపిస్తుంది, లోపల ఒక్క గింజ ఉండదు. రోజూ ఊది చూడండి.

గూడు సంగతి వేరే చెప్పాలి. స్కాట్లాండ్‌లోని సెయింట్ ఆండ్రూస్ విశ్వవిద్యాలయంలో స్యూ హీలీ బృందం 2014లో ఒక ముచ్చటైన ప్రయోగం చేసింది. జీబ్రా ఫించ్‌లకి గూడు కట్టుకోవడానికి కొన్నిటికి మెత్తటి తాడు ముక్కలు, కొన్నిటికి గట్టివి ఇచ్చారు. గట్టివైతే తక్కువ ముక్కలతో గూడు పూర్తవుతుంది. మెత్తవాటితో అవస్థ పడ్డ పిట్టలకి మళ్ళీసారి రెండూ ముందు పెడితే గట్టివాటి వైపు మొగ్గాయి. అంటే అనుభవం మీద మెటీరియల్ సెలక్షన్ మార్చుకుంటాయన్నమాట. మన ప్రాజెక్టుల్లో ఇంత రెట్రోస్పెక్టివ్ జరగదు!

కానీ గూడుకి సరుకు ఇస్తూ పోతే గుడ్లు పెడుతూనే ఉంటాయి. ఆడదాని ఒంట్లో కాల్షియం అయిపోతుంది, గుడ్డు అడ్డం పడి చచ్చిపోయే ప్రమాదం ఉంది. అంచేత పిల్లలు వద్దనుకుంటే గూడు పెట్టె పెట్టకండి. పొడుగాటి ఎండుగడ్డి కాకుండా కంకులే ఇవ్వండి. కటిల్ బోన్ ముక్క మాత్రం ఎప్పుడూ ఉండాలి.

సరే, మా కథకొస్తే, హైదరాబాదులో ఖాళీ ప్లాటు ఎన్నాళ్ళు ఖాళీగా ఉంటుంది? ఒకరోజు జేసీబీ వచ్చింది. వారంలో సెల్లారు గొయ్యి తయారు. నాన్నగారు చేతులు వెనక్కి కట్టుకుని కాసేపు ఆ గొయ్యి వైపు చూసి ఇంట్లోకి వచ్చేశారు. రెండ్రోజులు వాకింగ్‌కి కూడా వెళ్ళలేదు. మూడో రోజు "కొర్రలు దొరుకుతాయేమో చూడరా" అన్నారు.

సూపర్ మార్కెట్లో కొర్రలకేం కొదవ? 2023 చిరుధాన్యాల సంవత్సరం అన్న దగ్గర్నుంచి షుగరున్నవాళ్ళూ లేనివాళ్ళూ అందరూ అవే కదా. తెచ్చి చల్లితే ఒక్కటి మొలవలేదు. ఆయన ఒక గింజ వేళ్ళ మధ్య నలిపి చూసి "పొట్టు తీసేశార్రా. ఇది అన్నానికి, మొలకకి కాదు" అన్నారు. విత్తనాల కొట్టుకి వెళ్దామంటే అదీ కుదరదన్నారు. విత్తనశుద్ధి పేరుతో వాటికి మందు పట్టిస్తారు, ఆ రంగు వేసిన గింజ పిట్ట తిందంటే అంతే. చివరికి ప్రకాశం జిల్లాలో మా మేనమామకి ఫోన్ చేసి పొట్టుతో ఉన్న కొర్రలు అయిదు కేజీలు బస్సులో వేయించారు. పెంపుడు పక్షుల షాపుల్లో "కంగ్ని" అని అమ్మేవి కూడా ఇవే, పొట్టుతోనే ఉంటాయి.

ఇప్పుడు బాల్కనీలో మూడు ట్రేలున్నాయి. రాత్రి నానబెట్టిన కొర్రలు రెండంగుళాల మట్టి మీద చల్లితే మూడు నాలుగు రోజుల్లో మొలకొస్తుంది, పది రోజులకి పచ్చటి తివాచీ. పీకెయ్యకుండా పైన వల కప్పి పంజరం అడుగున పెడతాం. ఒకటి పిట్టల దగ్గర, ఒకటి పెరుగుతూ, ఒకటి అప్పుడే చల్లింది. రౌండ్ రాబిన్. డాబా మీద కుండీల్లో వేసినవి మూడు నెలలకి కంకి వేస్తాయి. వాటి నీళ్ళు, ఎండ, తేదీలు అన్నీ నాన్నగారి డిపార్టుమెంటు. ఒక పాత డైరీలో రాసుకుంటారు. "ఈవేళ పనుందిరా" అని మా పిన్ని కూతురి నిశ్చితార్థం నుంచి భోజనాలవ్వగానే బయల్దేరదీశారు. ఆయన నోట ఆ మాట విని ఎన్నాళ్ళయిందో!

మా ఆఫీసులో ఒకమ్మాయి సూటిగా అడిగింది: "అంత ప్రేముంటే వదిలెయ్యొచ్చుగా?" న్యాయమైన ప్రశ్నే. ఈ పిట్టలు తరాలుగా పంజరాల్లోనే పుట్టినవి, ఇది వాటి దేశం కూడా కాదు. మా బాల్కనీలోంచి వదిలితే ఆ సాయంత్రానికే కాకికో పిల్లికో ఆహారం. అంచేత వదల్లేం. అలాగని గడ్డి పెట్టేశాం కాబట్టి పంజరం పొలం అయిపోయిందని కూడా నేననను. మన దేశపు పక్షుల్ని, రామచిలకతో సహా, పట్టి పంజరంలో పెట్టడం 1972 నాటి వన్యప్రాణి చట్టం ప్రకారం నేరం. ఎగరడం పక్షుల హక్కు అని ఢిల్లీ హైకోర్టు 2015లో అన్నది. విదేశీ పిట్ట కాబట్టి చట్టం మన జోలికి రాదేమో గానీ, రెక్కలు దానికీ రెక్కలే. ఉన్నవాటిని బతికినన్నాళ్ళూ సరిగ్గా చూసుకుంటాం. వీటి తర్వాత ఇంకో జత తేవద్దని ఇంట్లో అందరం అనేసుకున్నాం. ఎక్కువ ముచ్చటపడే మా అమ్మాయి కూడా ఒప్పుకుంది.

అందుకే, పిట్టల్ని కొందామనుకునేవాళ్ళకి నా సలహా వేరు. మా వైపు కోతల తర్వాత వరికంకుల్ని కుచ్చులుగా అల్లి వసారాలో, గుళ్ళో వేలాడదీసేవాళ్ళు, పిచ్చుకల కోసం. పోయిన సంక్రాంతికి నాన్నగారు ఒకటి అల్లి బాల్కనీ బయట కట్టారు. నాలుగు రోజులు ఏమీ రాలేదు. అయిదో రోజు పొట్ట మీద చుక్కలున్న మునియాలు మూడు వాలాయి. మన దేశపు ఫించ్‌లే అనుకోండి, జీబ్రా ఫించ్‌లకి వరసకి చుట్టాలు. తిన్నంత తిని, పొట్టు మా నెత్తిన పోసి ఎగిరిపోయాయి. వాటికి పంజరం కొనక్కర్లేదు, ఊరెళ్తే ఎవరికీ అప్పజెప్పక్కర్లేదు. కుచ్చు అల్లడం రాకపోతే మీ ఇంట్లో పెద్దవాళ్ళనడగండి. వాళ్ళకీ రాకపోతే కంకుల్ని ఊరికే గుత్తిగా కట్టి వేలాడదీసినా చాలు, మునియాలు అల్లిక చూసి మార్కులు వెయ్యవు.